విడిపోయాక బిడ్డని ట్యాక్సుల్లో ఎవరు చూపించుకోవాలి? అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి

ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి నాకు రెండే రకాల మెసేజ్‌లు వస్తాయి. నాన్నల నుంచి: "నెలనెలా చైల్డ్ సపోర్ట్ కడుతున్నాను, క్లెయిమ్ నాదేగా?" అమ్మల నుంచి: "బాబు నా దగ్గరే ఉంటాడండీ. ఫైల్ చేస్తే రిజెక్ట్ అయింది. ఆయన ముందే వేసేశాడట." అటువి ఇటు, ఇటువి అటు కూడా వస్తుంటాయి, కాకపోతే తక్కువ. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ఇదంతా అమెరికా ఫెడరల్ ట్యాక్సు సంగతి. అంకెలు 2025 సంవత్సరానివి, అంటే 2026లో ఫైల్ చేసే రిటర్న్‌వి. నేను లాయర్‌ని కాను. సీజన్‌లో శనివారాలు ఉచితంగా రిటర్న్‌లు నింపిపెట్టే వాలంటీర్ని.

ముందే ఒక మాట. ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్సు శాఖ) లెక్కపెట్టేది రాత్రులు. ఎవరెంత డబ్బు పెట్టారు, కోర్టు కాగితంలో ఏం రాశారు, ఎవరు ముందు ఫైల్ చేశారు అన్నవాటితో మనం ఎంత పోట్లాడుకున్నా వాళ్లు మొదట అడిగేది బిడ్డ ఎక్కడ పడుకుంది అనే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- 2025 క్యాలెండర్. ఫోన్లోదైనా సరే, ఫ్రిజ్‌కి అంటించిందైనా సరే.
- డైవర్స్ డిక్రీ, లేదా ఇద్దరూ సంతకాలు పెట్టిన సెపరేషన్ అగ్రిమెంట్, ఉంటే.
- బిడ్డ ఎస్ఎస్ఎన్ (లేకపోతే ఐటిన్, అంటే ఎస్ఎస్ఎన్ రానివాళ్లకి ఐఆర్ఎస్ ఇచ్చే ట్యాక్సు నంబరు), పుట్టిన తేదీ.
- మీ ఆదాయం. మాటలు నడుస్తుంటే అవతలివాళ్లది కూడా, ఉజ్జాయింపుగా చాలు.
- స్కూలు, డాక్టరు, డేకేర్ కాగితాలు. వాటి మీద బిడ్డ పేరు, మీ పేరు, మీ అడ్రసు ఉండాలి.
- ఫారం 8332 ఖాళీ కాపీ (బిడ్డ క్లెయిమ్‌ని రెండో పేరెంట్‌కి వదిలేస్తూ సంతకం పెట్టేది ఇదే). ఐఆర్ఎస్ సైట్లో ఊరికే దొరుకుతుంది. దానికి డబ్బులడిగేవాళ్ల జోలికి పోకండి.

1. ఈ రాత్రుల నియమం మీకు వర్తిస్తుందా?

డైవర్స్ అయి ఉండక్కర్లేదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటైనా చాలు: విడాకులయ్యాయి, కోర్టు లీగల్ సెపరేషన్ ఇచ్చింది, రాతపూర్వక అగ్రిమెంట్ ఉంది, లేదా జూలై 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఒక్కరోజు కూడా ఒకే ఇంట్లో ఉండలేదు. అసలు పెళ్లే కాని తల్లిదండ్రులకీ ఈ చివరిది వర్తిస్తుంది. వీటితోపాటు బిడ్డ ఖర్చులో సగానికి మించి తల్లిదండ్రులే భరించి ఉండాలి, ఏడాదిలో సగానికి మించి బిడ్డ మీలో ఒకరి లేదా ఇద్దరి సంరక్షణలో ఉండాలి.

మనవాళ్లకి దెబ్బ తగిలేది ఈ ఆఖరి షరతు దగ్గరే. గొడవల్లో బిడ్డ నలిగిపోతుందని విజయవాడలోనో కరీంనగర్‌లోనో అమ్మమ్మ దగ్గర ఉంచి, ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే పెరిగితే, కింద చెప్పేదేదీ నేరుగా పనికిరాదు. వేసవి సెలవులకి వెళ్లిరావడం వేరు, అక్కడే ఉండి స్కూలుకెళ్లడం వేరు. రెండోదైతే ఇక్కడితో ఆపి సీపీఏని అడగండి.

2. రాత్రులు లెక్కపెట్టండి

ఏడాదికి 365 రాత్రులు. 183 ఎవరి దగ్గరుంటే వాళ్లు "కస్టోడియల్ పేరెంట్". బేసి సంఖ్య కాబట్టి మామూలు ఏడాదిలో సమానం కావడం అరుదు. అయినా సమానమైతే (2024 లాంటి లీపు ఏడాదిలో 183, 183 పడొచ్చు) ఏజీఐ (రిటర్న్‌లో సర్దుబాట్లు పోగా తేలే ఆదాయం) ఎవరిది ఎక్కువో వాళ్లే కస్టోడియల్. కోర్టు కాగితంలో "జాయింట్ కస్టడీ" అని ఉన్నా ఐఆర్ఎస్‌కి మాత్రం కస్టోడియల్ పేరెంట్ ఒక్కరే.

లెక్క ఇలా పెట్టాలి:

- బిడ్డ మీ ఇంట్లో నిద్రపోతే మీ రాత్రి. మీరు ఇంట్లో లేకపోయినా మీదే.
- మీతో ప్రయాణంలో ఉంటే, అది హోటలైనా హైదరాబాద్‌లో మీ అన్నయ్య ఇల్లయినా, మీ రాత్రే.
- ఇద్దరి దగ్గరా లేకపోతే (క్యాంపు, స్నేహితురాలి ఇల్లు, తాతగారితో ఇండియా ట్రిప్పు) ఆ రాత్రి మామూలుగా ఎవరి వంతో వాళ్ల ఖాతాలోకి.
- మీరు నైట్ షిఫ్ట్ చేసేవాళ్లయి, అందువల్ల బిడ్డ రాత్రిళ్లు అవతలివాళ్ల ఇంట్లో ఉండి పగళ్లు ఎక్కువగా మీ దగ్గర గడిపితే, లెక్క రాత్రుల మీద కాదు, పగళ్ల మీద నడుస్తుంది. హాస్పిటల్లో నైట్ డ్యూటీలు చేసే నర్సులకి ఇది చాలా ముఖ్యం. ఈ వెసులుబాటు ఉందనే చాలామందికి తెలియదు.
- డిసెంబర్ 31 రాత్రి మొదలైన ఏడాదిది. తెల్లారితే జనవరి 1 అయినా అది పాత ఏడాది రాత్రే.

ఒకసారి ఇద్దరూ కలిసే వచ్చారు, పోట్లాడుకోకుండా, బుద్ధిగా. ఆయన ఫోన్ క్యాలెండర్లో 184 రాత్రులు. ఆవిడ తెచ్చింది ఇండియన్ స్టోర్ వాళ్లిచ్చిన గోడ క్యాలెండర్, ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు, మొత్తం 183. కలిపితే 367! రెండు రాత్రులు ఎక్కడి నుంచి పుట్టాయా అని నెలనెలా తిప్పి చూశాం. అప్పగించే ఆదివారాలు రెండింటిని ఇద్దరూ తమ ఖాతాలో వేసుకున్నారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి దింపేస్తే ఆ రాత్రి దింపించుకున్నవాళ్లది. పగలంతా బిడ్డని మీరు తిప్పినా సరే. సరిదిద్దాక 182, 183 తేలింది. ఒక్క రాత్రి తేడాతో ఆవిడ కస్టోడియల్.

సరిచూసుకునే పద్ధతి కూడా అదే. ఇద్దరి అంకెలూ కలిపితే 365 రావాలి. ఎక్కువొస్తే అప్పగింత రోజులు చూడండి, తక్కువొస్తే ప్రయాణాలు చూడండి.

టెక్సస్‌లో ఇచ్చే కొన్ని ఆర్డర్లలో నెలకి 1, 3, 5 శుక్రవారాల వారాంతాలు మాత్రమే ఉంటాయి, శుక్రవారం నుంచి ఆదివారం దాకా. అవి ఏడాదికి దాదాపు 28, అంటే 56 రాత్రులు. వేసవిలో 30 రోజులు కలిపితే 86. పండగ సెలవులు వేసినా 183 దరిదాపులకి రాదు. ఇలాంటి ఆర్డర్ ఉన్నవాళ్లు ప్రతి రాత్రీ లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు.

3. ఏది ఇవ్వొచ్చు, ఏది ఇవ్వలేం

"క్లెయిమ్" అని ఒక్క మాటలో అంటున్నాం గానీ అందులో చాలా ఉన్నాయి.

కస్టోడియల్ పేరెంట్ సంతకం పెట్టి ఇవ్వగలిగింది: చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ (17 నిండని బిడ్డకి 2,200 డాలర్లు), అది రాని పిల్లలకి 500 డాలర్ల క్రెడిట్.

ఎంత రాసిచ్చినా చేతులు మారనివి: హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (బిడ్డతో విడిగా ఇల్లు నడిపేవాళ్లకి దొరికే ఫైలింగ్ స్టేటస్), ఈఐటీసీ అనే ఆదాయపు క్రెడిట్, డేకేర్ ఖర్చుల క్రెడిట్, ఆఫీసులో పెట్టుకునే డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ మినహాయింపు. వాటికి అర్హతంటూ ఉంటే అది కస్టోడియల్ పేరెంట్‌కే.

పోట్లాట 2,200 మీద జరుగుతుంది గానీ అసలు డబ్బు చాలాసార్లు ఈ రెండో గుంపులో ఉంటుంది. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ స్టాండర్డ్ డిడక్షన్ 23,625, సింగిల్‌కి 15,750. తేడా 7,875 డాలర్లు.

విడాకులు గానీ, కోర్టు ఇచ్చిన లీగల్ సెపరేషన్ గానీ ఇంకా లేనివాళ్లకి ఒక హెచ్చరిక. డిసెంబర్ 31కి పెళ్లి నిలిచి ఉంటే ఐఆర్ఎస్ లెక్కలో మీరు ఏడాది మొత్తం పెళ్లైనవాళ్లే. "విడిగా ఉంటున్నాం కదా" అని సింగిల్ పెట్టేయకూడదు. ఆఖరి ఆరు నెలలూ విడిగా ఉండి, ఇంటి ఖర్చు సగానికి మించి మీరే పెట్టి, ఆ ఇంట్లో బిడ్డ సగం ఏడాదికి మించి ఉంటే మీకు హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ దొరుకుతుంది. 8332 ఇచ్చేసినా దొరుకుతుంది. బిడ్డ లేని రెండోవాళ్లకి మిగిలేది మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ. టెక్సస్, కాలిఫోర్నియాలు కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు (భార్యాభర్తల సంపాదన ఇద్దరిదీ అనే చట్టం ఉన్నవి) కాబట్టి అక్కడ ఇలా విడిగా వేసేటప్పుడు ఆ ఆదాయాన్ని పంచి చూపించే ఫారం 8958 కూడా చూసుకోవాలి.

4. సంతకానికి ముందు రెండు వైపులా లెక్క వేయండి

"ఇస్తే ఓడిపోయినట్టు" అన్న పట్టుదలని కాసేపు పక్కన పెట్టి కాలిక్యులేటర్ తీయండి.

ఆమె ఆదాయం 60,000, ఆయనది 1,10,000, ఎనిమిదేళ్ల బిడ్డ, ఎస్ఎస్ఎన్ ఉంది. 2,200 ఎవరు తీసుకున్నా 2,200లే. మొత్తంగా పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. ఒప్పందం ఎలా ఉంటే అలా చేసుకోండి.

ఆయన ఆదాయం 2,30,000 అనుకోండి. 2,00,000 దాటాక ప్రతి వెయ్యికీ 50 డాలర్ల చొప్పున క్రెడిట్ తరుగుతుంది. 30 వేలకి 1,500 పోయి చేతికొచ్చేది 700. అలాంటప్పుడు ఆయనకి రాసిస్తే 1,500 ఎవరికీ కాకుండా పోతాయి.

ఆమె ఆదాయం 26,000 అయితే? డిడక్షన్ పోగా 2,375 మీద ట్యాక్సు సుమారు 238. క్రెడిట్ ఆ 238ని కొట్టేసి, ఆపైన రిఫండ్‌గా గరిష్ఠంగా 1,700 ఇస్తుంది. మొత్తం 1,938. ఆయనకి మాత్రం 2,200 పూర్తిగా పనికొస్తాయి. తేడా 262 డాలర్లు. దీనికోసం ఆమె సంతకం పెట్టాలంటే ఆయన 1,938 కన్నా తక్కువ ఇస్తే ఆమెకి నష్టమే. ఇచ్చిపుచ్చుకోవడం రాతలో పెట్టుకోండి.

మనవాళ్లలో తరచూ ఎదురయ్యే మరో పరిస్థితి: అమ్మ హెచ్-4 మీద ఉంది, ఐటిన్ మాత్రమే ఉంది, బిడ్డ ఇక్కడే పుట్టింది. 2025 నుంచి బిడ్డకే కాదు, క్లెయిమ్ చేసే పేరెంట్‌కి కూడా ఉద్యోగానికి చెల్లే ఎస్ఎస్ఎన్ ఉంటేనే ఆ 2,200. కాబట్టి రాత్రులన్నీ అమ్మ దగ్గరే ఉన్నా ఆమెకి అది రాదు. హెచ్-1బీ మీదున్న నాన్నకి 8332 ఇస్తే ఆయనకి వస్తుంది. ఇక్కడ సంతకం పెట్టడమే తెలివైన పని, బేరం ఆడి మరీ పెట్టండి. బిడ్డకే ఐటిన్ అయితే ఎవరు చూపించినా 500 మించి రాదు.

5. ఫారం 8332 నింపడం

ఒక్క పేజీ. సంతకం పెట్టేది కస్టోడియల్ పేరెంట్ ఒక్కరే. బిడ్డకొక ఫారం.

పార్ట్ 1 ఈ ఒక్క ఏడాదికి. పార్ట్ 2 రాబోయే ఏళ్లకి. పార్ట్ 3 ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికి.

నా సలహా: ఏటా పార్ట్ 1 మాత్రమే ఇవ్వండి. "అన్ని రాబోయే సంవత్సరాలు" అని రాసిచ్చి తర్వాత బాధపడేవాళ్లని ప్రతి సీజన్‌లోనూ చూస్తున్నాను. పార్ట్ 3తో రద్దు చేయొచ్చు, నిజమే. కానీ రద్దు కాపీ అవతలివాళ్లకి 2026లో అందిస్తే అమల్లోకి వచ్చేది 2027 నుంచి. 2026 క్లెయిమ్ పోయినట్టే. కాపీ పంపినట్టు రుజువు ఉంచుకోండి, సర్టిఫైడ్ మెయిల్ మంచిది.

ఇంకొకటి. "సపోర్ట్ బాకీ లేకపోతేనే క్లెయిమ్" అని చాలా డిక్రీల్లో ఉంటుంది. 8332లో అలాంటి షరతు రాయడానికి వీల్లేదు. అందుకే డిసెంబర్ 31 గడిచాక, బాకీ లేదని చూసుకున్నాక సంతకం పెట్టండి.

"డిక్రీలో జడ్జిగారే రాశారు, అది జత చేస్తే చాలదా?" అంటారు. 2008 తర్వాతి డిక్రీ అయితే చాలదు. ఐఆర్ఎస్‌కి 8332 కావాల్సిందే. డిక్రీ ప్రకారం సంతకం పెట్టాల్సినవాళ్లు పెట్టకపోతే వెళ్లాల్సింది ఫ్యామిలీ కోర్టుకి, ఐఆర్ఎస్ దగ్గరికి కాదు. సంతకం లేకుండా క్లెయిమ్ చేసేసి "కోర్టు నా వైపే ఉంది" అంటే నిలబడదు.

6. రిటర్న్ నింపేటప్పుడు

8332 ఇచ్చిన కస్టోడియల్ పేరెంట్ చేసే పెద్ద తప్పు బిడ్డ పేరే సాఫ్ట్‌వేర్లో ఎక్కించకపోవడం. "ఆయనకి ఇచ్చేశాగా" అని వదిలేస్తే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్, ఈఐటీసీ, డేకేర్ క్రెడిట్ అన్నీ పోతాయి. బిడ్డ పేరు ఎక్కించి, ఎన్ని నెలలు మీ దగ్గర ఉందో నిజం చెప్పి, క్లెయిమ్ రెండో పేరెంట్‌కి ఇచ్చారా అన్న ప్రశ్నకి అవునని పెట్టండి. అయ్యాక ఫారం 1040 మొదటి పేజీ తెరిచి చూడండి. ఫైలింగ్ స్టేటస్ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా, దాని పక్కన బిడ్డ పేరు ఉండాలి. డిపెండెంట్ల వరసలో చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ గడిలో టిక్కు పడకూడదు.

తీసుకున్న పేరెంట్ తప్పు దీనికి తిరగేసి ఉంటుంది. నెలల ప్రశ్నకి "12" అని కొట్టేస్తారు, సాఫ్ట్‌వేర్ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ ఇచ్చేస్తుంది, రిఫండ్ పెరిగిందని మురిసిపోతారు. మీ దగ్గర ఉన్న నెలలే వేయండి. స్టేటస్ సింగిల్‌గానో, సెపరేట్లీగానో మిగలాలి. సంతకమైన 8332 జత చేయాలి. ఈ-ఫైల్‌లో పీడీఎఫ్‌గా పెట్టొచ్చు, లేదా ఫారం 8453 (ఈ-ఫైల్‌కి కాగితాలు విడిగా పంపే కవర్ ఫారం)తో తపాలాలో పంపొచ్చు. పార్ట్ 2 ఉన్నా సరే, కాపీ ఏటా జత చేయాల్సిందే.

ఇద్దరు పిల్లలుంటే "తలా ఒకరు, తలా ఒక హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్" అని పంచుకునేవాళ్లున్నారు. ఆ రెండో బిడ్డ నిజంగా రెండో ఇంట్లో సగం ఏడాదికి మించి ఉంటేనే అది చెల్లుతుంది.

7. రిజెక్ట్ అయితే

అవతలివాళ్లు ముందే ఫైల్ చేశారన్నమాట. వాళ్లదే ఒప్పని కాదు. ముందు ఓ గంట ఆగి పైన 2లో చెప్పిన రాత్రుల లెక్క మళ్లీ చూసుకోండి, ఎప్పుడో 8332 సంతకం పెట్టారేమో వెతకండి.

మీదే న్యాయమైతే బిడ్డని తీసేసి ఫైల్ చేయకండి. భయపడి చాలామంది అదే చేస్తారు. ఐఆర్ఎస్ ఆన్‌లైన్ అకౌంట్లో మీ పేరున ఐపీ పిన్ తీసుకోండి, ఆరంకెల నంబరు. అది వేసి పంపితే బిడ్డ ఇంకో రిటర్న్‌లో ఉన్నా ఈ-ఫైల్ తీసుకుంటారు. 2025 సీజన్ నుంచి వచ్చిన సౌకర్యం ఇది. పిన్ కుదరకపోతే కాగితం మీద ప్రింట్ తీసి తపాలాలో పంపండి. గడువు ఏప్రిల్ 15. టైము చాలకపోతే ఫారం 4868తో అక్టోబర్ 15 దాకా వస్తుంది, కానీ కట్టాల్సిన డబ్బు మాత్రం ఏప్రిల్‌లోనే కట్టాలి.

ఏటా ఇదే గోల అయితే బిడ్డ పేరున కూడా ఐపీ పిన్ తీసుకోవచ్చు, ఫారం 15227తో. ఆ పిన్ లేకుండా ఎవరూ ఆ బిడ్డని చూపించి ఈ-ఫైల్ చేయలేరు. 8332 ఇచ్చిన ఏడాది ఆ పిన్ అవతలివాళ్లకి ఇవ్వడం మరిచిపోకండి, లేకపోతే ఆ గొడవ ఇంకొకటి.

8. ఉత్తరం వస్తే

కొన్ని నెలలకి సీపీ87ఏ అనే నోటీసు రావచ్చు: మీరు చూపించిన బిడ్డని ఇంకొకరు కూడా చూపించారు, సరిచూసుకోండి అని. ఇద్దరికీ వెళ్తుంది. ఎవరినీ తప్పు పట్టదు. మీ లెక్క సరైనదైతే జవాబు రాయక్కర్లేదు. తప్పైతే ఫారం 1040-ఎక్స్‌తో సరిదిద్ది, తేడా కట్టేయండి. ఎంత త్వరగా కడితే అంత తక్కువ వడ్డీ.

ఇద్దరూ కదలకపోతే ఆడిట్ రావచ్చు. అప్పుడు అడిగేది కాగితాలే. ఇక్కడ స్కూలు లెటర్ దగ్గర ఒక చిక్కుంది. ట్యాక్సు ఏడాది జనవరి నుంచి డిసెంబర్, స్కూలు ఏడాది ఆగస్టు నుంచి మే. ఒకావిడ ఎంతో పొందిగ్గా ఫైల్లో పెట్టి తెచ్చిన లెటర్లో "ఆగస్టు 2025 నుంచి" అని ఉంది. అది రుజువు చేసేది ఐదు నెలలే, సగం ఏడాది కూడా కాదు. 2024-25, 2025-26 రెండు స్కూలు సంవత్సరాల రికార్డూ అడిగి తీసుకోండి. మధ్యలో ఇల్లు మారితే రెండు అడ్రసులూ తేదీలతో ఉండేట్టు చూడండి. అది దొరక్కపోతే డాక్టరు దగ్గర విజిట్ల రికార్డు, డేకేర్ వాళ్ల లెటర్‌హెడ్ మీద లెటర్. డేకేర్ నడిపేది మీ బంధువైతే ఆ ఒక్క లెటర్ చాలదు, ఇంకేదైనా జత చేయండి.

తెలిసి తెలిసి నిర్లక్ష్యంగా క్లెయిమ్ చేశారని తేలితే ఆ క్రెడిట్లు రెండేళ్లు ఆపేస్తారు, మోసమని తేలితే పదేళ్లు. "వాళ్లు పట్టించుకోరులే" అనేవాళ్లకి ఈ అంకెలు వినిపిస్తుంటాను.

పాత ఏళ్లలో మీకు రావాల్సింది వదిలేసుకున్నా, రిటర్న్ వేసిన తేదీ నుంచి మామూలుగా మూడేళ్లలోపు 1040-ఎక్స్ వేసి అడగొచ్చు. ఆఫీసులో ఇచ్చిన డబ్ల్యూ-4 (జీతంలో ఎంత ట్యాక్సు కోయాలో చెప్పే ఫారం) కూడా ఒకసారి తీసి చూడండి. విడిపోకముందు నింపింది అలాగే ఉండి ఇద్దరి జీతాల్లోనూ అదే బిడ్డ పేరున ట్యాక్సు తగ్గించి కోస్తుంటే, క్లెయిమ్ దక్కనివాళ్లకి ఏప్రిల్‌లో ఎదురు కట్టాల్సి వస్తుంది. మూడో స్టెప్‌లో అంకె మార్చి హెచ్ఆర్‌కి ఇవ్వడం ఐదు నిమిషాల పని.